సాహెబ్ పాఠం చెబుతున్నప్పుడు మున్షీ ఎక్కడ?

పెద్ద హోదాల్లో ఉన్న సర్కారీ అఫ్సర్లు విజిటింగ్ ఫ్యాకల్టీగా వచ్చి, కొత్తగా కొలువులో చేరినవాళ్లకు లీడర్‌షిప్ మీద పాఠాలు చెప్పడం మన దగ్గర పాత రివాజే. ముస్సోరీలో 1959 నుంచి నడుస్తున్న అకాడమీ కావొచ్చు, 1956లో హైదరాబాద్‌లో పెట్టిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కావొచ్చు, మౌంట్ ఆబూ నుంచి 1975లో మన షహర్‌కు వచ్చిన పోలీస్ అకాడమీ కావొచ్చు, జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి సంస్థ కావొచ్చు. ఎక్కడ చూసినా ఓ కార్యదర్శో, కమిషనరో, కలెక్టరో ఒక పూట మెహమాన్‌గా వచ్చి క్లాసు తీసుకుని వెళ్తారు.

నేను ఈ రివాజుకు ముఖాలిఫ్ కాదు. ఆ సంగతి ముందే సాఫ్‌గా చెబుతున్నాను. ప్రొఫెసర్ సాబ్ దగ్గర ఇల్మ్ ఉంటుంది. అఫ్సర్ దగ్గర తజుర్బా ఉంటుంది. చట్టం ఏమంటుందో ప్రొఫెసర్ చెప్పగలడు. కానీ రాత్రి పదకొండు గంటలకు ఓ మంత్రిగారి దగ్గర్నుంచి ఫోన్ వస్తే, తెల్లారేలోగా ఓ బస్తీ ఖాళీ చేయించమని హుకుం వస్తే, బల్ల మీదున్న కాగజ్ మీద ఏం రాయాలో అది చేసినవాడే చెప్పగలడు. ఈతను కితాబులో చూసి నేర్చుకోలేం కదా. అందుకే పనిచేస్తున్న అఫ్సర్ క్లాసులోకి రావాలి. నా షికాయత్ వాళ్లు రావడం గురించి కాదు. వచ్చేటప్పుడు వాళ్లు ఏం తెస్తున్నారు, ఏది గేటు బయటే వదిలేసి వస్తున్నారు అన్నదే నా సవాల్.

నా నౌకరీ అంతా రెవెన్యూ దఫ్తర్‌లోనే గడిచింది. పాత ఉర్దూ రికార్డులు చదివి తెలుగులోకి తర్జుమా చేయడం నా పని. ఆ బహానాతో రెండు మూడుసార్లు ట్రైనింగ్ క్లాసుల్లో వెనక కుర్చీలో కూర్చునే మోఖా దొరికింది. ఒకసారి భూమి రికార్డుల మీద మాట్లాడటానికి ఓ పెద్ద సాహెబ్ వచ్చారు. షరీఫ్ ఆద్మీ, మాట మెత్తన. గంటన్నర సేపు స్లయిడ్ల మీద స్లయిడ్లు చూపించారు. ప్రతి స్లయిడూ ఒక ఫతేహ్. ఇన్ని దరఖాస్తులు వచ్చాయి, ఇన్ని రోజుల్లో ఫైసలా చేశాం, ఫలానా అవార్డు వచ్చింది. చప్పట్లే చప్పట్లు.

చివర్లో ఓ అమ్మాయి లేచి అడిగింది. "సార్, సేత్వార్‌లో ఒక పేరుండి, ఖాస్రా పహాణీలో ఇంకో పేరుంటే మీరు ఎవరి మాట నమ్మేవారు?"

సాహెబ్ ఒక్క క్షణం ఆగారు. తర్వాత నవ్వుతూ, "అదంతా కింది స్టాఫ్ చూసుకుంటారమ్మా" అన్నారు.

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ కింది స్టాఫ్‌లో నేనూ ఒకణ్ని.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సేత్వార్ అంటే నిజాం జమానాలో సర్వే, సెటిల్‌మెంట్ అయ్యాక తయారైన మూల రిజిస్టరు. ఖాస్రా పహాణీ అంటే 1954-55లో ఏ భూమి ఎవరి కబ్జాలో ఉందో సర్వే నంబరు వారీగా రాసుకున్న రికార్డు. తెలంగాణలో ఈరోజుకీ భూమి తగాదా ముదిరిందంటే అందరూ ఈ రెండింటి దగ్గరికే పరిగెత్తుతారు. రెండింటిలో పేర్లు కలవకపోతే ఒక ఖాందాన్ బతుకు అక్కడే తేలుతుంది, లేదా మునుగుతుంది. ఆ అమ్మాయి అడిగింది చిన్న సవాల్ కాదు. ఆ రోజు క్లాసులో అడిగిన ఒకే ఒక్క లీడర్‌షిప్ సవాల్ అదే. జవాబు దొరకలేదు. ఇంకో ఏడాదికి ఆ అమ్మాయి ఎక్కడో ఓ డివిజన్‌లో కూర్చుని అలాంటి కాగజ్ మీదే దస్తఖత్ పెడుతుంది. ఆ దస్తఖత్ కోసం బయట వరండాలో ఓ ముసలాయన సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆ క్లాసు ఖర్చు అసలు ఎవరి మీద పడుతుందో చూశారా?

విజయగాథలు చెప్పడం గునాహ్ ఏమీ కాదు. కానీ గెలిచిన ఫైలులో షాగిర్ద్ నేర్చుకునేది తక్కువ. గెలిచాక అన్నీ సీదాగానే కనిపిస్తాయి. ఓడిన ఫైలులో కనిపిస్తాయి అసలు మలుపులు. ఎక్కడ తొందరపడ్డారు, ఎవరి మాట వినలేదు, ఏ కాగజ్ అడగలేదు, ఎక్కడ ఖామోష్‌గా ఉండిపోయారు అన్నవి.

దీనికి ఒక మిసాల్ ముస్సోరీ తారీఖ్‌లోనే ఉంది. 1980ల మొదట్లో ఆ అకాడమీకి పి.ఎస్. అప్పు డైరెక్టర్. బీహార్ కేడర్ అఫ్సర్, భూసంస్కరణల మీద పట్టున్న మనిషి. ఒక ప్రొబేషనర్ తాగిన మైకంలో తోటి ట్రైనీల మీదికి పిస్తోలు చూపించాడు. ఇలాంటివాడు సర్వీస్‌లో ఉండకూడదని అప్పు రాశారు. ఢిల్లీ మందలింపుతో సరిపెట్టాలని చూసింది. అప్పు కుర్చీ వదిలేశారు. తర్వాత పార్లమెంట్‌లో గొడవ లేచాక ఆ ప్రొబేషనర్‌ను తీసేయక తప్పలేదు. దీన్ని స్లయిడ్ మీద ఎలా పెడతారు? అప్పు రాసిన ఫైలు ముందు ఓడిపోయింది. ఆ ఓటమికి ఆయన తన నౌకరీతో జవాబు చెప్పారు. లీడర్‌షిప్ మీద ఇంతకంటే పెద్ద పాఠం నాకైతే తెలియదు. ఇందులో చప్పట్లు లేవు, అవార్డు లేదు.

ఇక రెండో మాట. ఈ దేశంలో హుకూమత్ చేసేవాళ్లకు తాలీమ్ ఇవ్వడం మొదలైనప్పుడు ఉస్తాదులు ఎవరు? 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టారు. కంపెనీ కుర్రాళ్లకు ఫార్సీ, ఉర్దూ నేర్పింది అక్కడి మున్షీలు. 'బాగ్-ఒ-బహార్' రాసిన మీర్ అమ్మన్ అలాంటి మున్షీయే. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ వచ్చింది. దాన్ని నిలబెట్టిన ఎల్లిస్ దొర అప్పటికి మద్రాసు కలెక్టర్. అంటే కుర్చీలో ఉన్న అఫ్సరే కాలేజీ పని కూడా చూసేవాడు. ఇప్పటి విజిటింగ్ ఫ్యాకల్టీకి ఆయన్ని పూర్వీకుడు అనుకోవచ్చు. కానీ ఎల్లిస్ ఒక్కడే పాఠం చెప్పలేదు. పక్కన పట్టాభిరామశాస్త్రి లాంటి పండితులు ఉన్నారు. 1817లో మద్రాసులో దిగిన బ్రౌన్ దొర తెలుగు మొదలుపెట్టింది ఆ కాలేజీలోనే.

వాళ్ల నియ్యత్ మంచిదని నేను అనను. మన మీద రాజ్యం చేయడానికే మన జబాన్ నేర్చుకున్నారు. సాహెబ్ జీతానికీ మున్షీ జీతానికీ జమీన్ ఆస్మాన్ ఫరఖ్. అయినా ఒక సంగతి వాళ్లకు అర్థమైంది. హుకుం ఇచ్చేవాడికి ఊరు తెలియదు, ఊరు తెలిసినవాడి దగ్గర హుకుం లేదు, ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాలి. ఆ పాత దఫ్తర్ల జబాన్ ఇంకా మన దఫ్తర్లలో బతికే ఉంది. అర్జీ, హాజరు, తనిఖీ, దాఖలు, జమాబందీ, తహసీల్దార్. మాటలు మిగిలాయి, మున్షీ మాత్రం క్లాసులోంచి బయటికి వెళ్లిపోయాడు. ఇప్పుడు అఫ్సర్ అఫ్సర్‌కే పాఠం చెబుతున్నాడు, ఇద్దరూ కలిసి కింది స్టాఫ్ అంటే నవ్వుకుంటున్నారు.

తాలీమ్ ఎవరి కోసం అన్న సవాల్ మనకే కాదు, అమెరికాలోనూ లేచింది. అక్కడ 1968లో, లిండన్ జాన్సన్ అధ్యక్షుడిగా ఉండగా, వర్జీనియాలోని షార్లెట్స్‌విల్‌లో ఫెడరల్ ఎగ్జిక్యూటివ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. పెద్ద అఫ్సర్లకు లీడర్‌షిప్ నేర్పే మదర్సా అనుకోండి. యాభై ఏళ్లకు పైగా నడిచింది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ఒక్క ఆర్డర్‌తో మూసేయమన్నారు. ఇది వాషింగ్టన్ అఫ్సర్ల తబ్కాను పెంచింది తప్ప మామూలు కుటుంబాలకు ఫాయిదా లేదు అన్నది ఆ ఆర్డర్ సారాంశం. ఆ ఫైసలా నాకు నచ్చలేదు. మదర్సా సరిగ్గా లేకపోతే సరిచేయాలి, తాళం వేయడం ఇలాజ్ కాదు. కానీ ఒక సబఖ్ ఉంది. అఫ్సర్ల తాలీమ్ అఫ్సర్ల కోసమే అని ఆవామ్‌కు అనిపించేలా నడిపితే, రేపు ఎవరైనా దాన్ని మూసేయడం చాలా ఆసాన్ అవుతుంది.

అందుకే మన సంస్థలు నడిపేవాళ్లకు నాదో గుజారిష్. విజిటింగ్ ఫ్యాకల్టీగా వచ్చే ప్రతి సాహెబ్‌కూ మూడు షరతులు పెట్టండి.

మొదటిది, తాను ఓడిన ఒక ఫైలు తేవాలి. కోర్టులో నడుస్తున్నది వద్దు, పదేళ్ల కింద ముగిసిపోయింది చాలు. పేర్లు కొట్టేయండి, నోట్ ఫైలు మాత్రం ఉంచండి. ఏ రోజు ఏం రాశారో, ఎందుకు రాశారో షాగిర్దులు చదవాలి.

రెండోది, ఆ ఫైలు మీద పనిచేసిన ఒక కింది ఉద్యోగిని వెంట తేవాలి. ఓ సర్వేయరో, సీనియర్ అసిస్టెంటో, హెడ్ కానిస్టేబులో, అంగన్‌వాడీ టీచరో. ఇద్దరికీ ఒకే వరసలో కుర్చీ, ఒకే గౌరవ వేతనం. సాహెబ్ తన ఖిస్సా చెప్పాక, అదే ఖిస్సా ఆయన చెప్పాలి. రెండూ కలవని చోటే అసలు పాఠం ఉంటుంది.

మూడోది, గంటన్నర కాదు, కనీసం ఒక పూర్తి రోజు ఉండాలి. అందులో సగం టైమ్ సవాళ్లకే. జవాబు తెలియకపోతే "తెలియదు" అనే ఇజాజత్ ఉంది, "కింది స్టాఫ్ చూసుకుంటారు" అనే ఇజాజత్ లేదు.

సాహెబ్ ఎదురుగా కింది ఉద్యోగి నోరు తెరుస్తాడా అని మీరు అడగొచ్చు. వాజిబ్ సవాలే. సర్వీస్‌లో ఉన్నవాడికి బదిలీ భయం ఉంటుంది. అందుకు రిటైర్ అయినవాళ్లను పిలవండి. వాళ్లు ఊళ్లలో ఖాళీగానే ఉన్నారు, పిలిస్తే పరిగెత్తుకొస్తారు. ఇంకో ఎతరాజ్, ఓటమి చెప్పుకుంటే సాహెబ్ ఇజ్జత్ పోదా? నేను దఫ్తర్‌లో ఎందరో సాహెబ్‌లను చూశాను. తప్పు ఒప్పుకున్న సాహెబ్‌ను చులకన చేసిన చప్రాసీని ఒక్కణ్నీ చూడలేదు. ఏ తప్పూ చేయనట్టు తిరిగే సాహెబ్ మీద వెనక వేసుకునే జోకులు మాత్రం చాలా విన్నాను.

మరి అంత మంచి అఫ్సర్లు క్లాసుకు వస్తారా? ఇక్కడే ఇంకో బీమారీ ఉంది. మన దగ్గర ట్రైనింగ్ సంస్థలో పోస్టింగ్ అంటే సజా అనుకుంటారు. ఫలానా ఆయన్ని అక్కడ పడేశారు అంటారు. ఉస్తాద్ పదవిని సజాగా చూసే హుకూమత్‌కు షాగిర్దులు ఎలా తయారవుతారు? జిల్లా బాగా చేసిన అఫ్సర్‌కు ఒక ఏడాది క్లాసులో ఉండటం ఇజ్జత్ కావాలి, ప్రమోషన్‌లో అది లెక్కకు రావాలి.

ఇదంతా నేను అడగడం నా లాంటి రిటైర్డ్ మున్షీలకు ఓ పూట చాయ్, ఓ శాలువా దొరకాలని కాదు. కొత్త సాహెబ్ మొదటి దస్తఖత్ పెట్టే రోజు, ఆ కాగజ్ వెనక ఉన్న మనిషి ముఖం ఆయనకు ఒక్కసారైనా కనిపించాలి. అది స్లయిడ్‌లో కనిపించదు. పక్కన ఇంకో కుర్చీ వేయండి, అంతే.