బాగుందన్నారు, అయినా ఎత్తేశారు

ట్యాక్స్ సీజన్ వస్తే మా ఇంట్లో డబ్ల్యూ-2లు, బ్యాంకు కాగితాలు సర్దే పని నాది. ఈసారి ఆ పనిలో ఉండగా డైరెక్ట్ ఫైల్ గుర్తొచ్చింది. ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా రిటర్న్ ఫైల్ చేసుకునే సర్వీసు అది. 2024లో 12 రాష్ట్రాల్లో మొదలై, 2025లో టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ సహా 25 రాష్ట్రాలకు పెరిగింది. 2026కి ఉండదని నవంబరులో రాష్ట్రాలకు కబురు వెళ్లింది.

మూసేశారన్న దానికంటే, జనాన్ని అభిప్రాయం అడిగిన తీరే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది.

మొదటి ఏడాది 1,40,803 రిటర్నులు ఆమోదం పొందాయి. వాడినవాళ్లను సర్వే చేస్తే జవాబిచ్చినవాళ్లలో 90 శాతం మంది 'చాలా బాగుంది' లేదా 'మామూలు కంటే మెరుగు' అన్నారు. తర్వాత 2025 జులైలో వచ్చిన చట్టం, దీనికి బదులు ఏం పెట్టాలో చూడమని ఒక టాస్క్‌ఫోర్స్‌కి 1.5 కోట్ల డాలర్లు కేటాయించింది. జనాభిప్రాయం కూడా కనుక్కోమంది. పన్ను డబ్బుతో నడిచే ప్రభుత్వ సర్వీసు కావాలా, ప్రైవేటు కంపెనీలు ఉచితంగా ఇచ్చేది కావాలా అన్నది చట్టంలో పెట్టిన ప్రశ్న.

ఎవరిని అడిగారు, ఏమని అడిగారు అన్నది చూడకుండా శాతాన్ని నమ్మొద్దని బీఎస్సీలో మా స్టాటిస్టిక్స్ మేడమ్ చెప్పేవారు. ఆ మాట ఇక్కడ రెండు వైపులా పనికొస్తుంది.

90 శాతం అన్నది సర్వీసు వాడగలిగినవాళ్ల లెక్క. మనవాళ్లలో ఎంతోమందికి ఇండియాలో ఫ్లాట్ అద్దె వస్తుంది. అద్దె ఆదాయం, వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లకు డైరెక్ట్ ఫైల్ కుదిరేది కాదు. భోజనాలయ్యాక రుచి ఎలా ఉందని అడిగితే, గుమ్మం దగ్గరే వెనక్కి వెళ్లినవాళ్ల జవాబు అందులో ఉండదు కదా!

చట్టంలోని ప్రశ్నకూ ఒక లోపం ఉంది. 'పన్ను డబ్బుతో' అన్న మాట పక్కన 'ఉచితం' అని పెడితే, రెండూ వాడనివాళ్లు ఎటు మొగ్గుతారో ఊహించడం కష్టం కాదు.

ఖర్చు మాట కూడా కొట్టిపారేయలేం. 2025లో 2,96,531 రిటర్నులకు 4.1 కోట్ల డాలర్లు, అంటే ఒక్కోదానికి సుమారు 138 డాలర్లు అయిందని ట్రెజరీ చెప్పింది. కాకపోతే కొత్త సర్వీసులో కట్టిన ఖర్చు ముందే పడుతుంది, వాడేవాళ్లు పెరిగేకొద్దీ తలసరి ఖర్చు తగ్గుతుంది. రెండో ఏడాదికే ఆపేస్తే ఆ తగ్గుదల కనపడదు.

ప్రైవేటు కంపెనీలతో నడిచే ఫ్రీ ఫైల్ ఇంకా ఉంది. కానీ ఈ సీజన్‌లో దానికి ఆదాయ పరిమితి 89,000 డాలర్లు. భార్యాభర్తలిద్దరూ ఐటీలో ఉంటే ఆ గీత ఎప్పుడో దాటేస్తారు.

డైరెక్ట్ ఫైల్ కోడ్‌లో చాలా భాగాన్ని 2025లోనే అందరికీ తెరిచి పెట్టారు. రేపు ఎవరైనా మళ్లీ కట్టాలనుకుంటే అది దొరుకుతుంది. ఎవరికి ఎందుకు కుదరలేదన్నది మాత్రం మనం రాస్తేనే దొరుకుతుంది. అందుకే ఇకమీదట ఏ సర్వే లింకు వచ్చినా నక్షత్రాలు నొక్కి వదిలేయకండి. "అద్దె ఆదాయం ఉంది, అందుకే వాడలేకపోయాం" అని ఒక్క వాక్యమైనా రాయండి.