నంద్యాల ఒక్కటే
1977 మార్చిలో ఉత్తరాది ఓటరు ఇందిరమ్మను గద్దె దించాడు. ఉత్తరప్రదేశ్‌లో 85, బీహార్‌లో 54 లోక్‌సభ స్థానాలుంటే కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. రాయ్‌బరేలీలో ఆమే రాజ్‌నారాయణ్ చేతిలో 55 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మనం మాత్రం 42లో 41 ఆమె పార్టీకే కట్టబెట్టాం. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున నెగ్గారు. దీన్ని తెలుగువాళ్ల అమాయకత్వమని కొట్టిపారేయడం అన్యాయం. ఎమర్జెన్సీలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల భయం ఉత్తరాదిన ఊరూరా పాకింది. ఇక్కడ అంత తీవ్రత లేదు. అయితే అదే ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్‌లో, ముషీరాబాద్ జైల్లో నక్సలైట్ ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. సెన్సార్ కత్తెర దాటి ఆ ఘోరం ఎంతమంది ఓటర్లకు పూర్తిగా చేరింది? ఆ 41 సీట్లు ఎమర్జెన్సీకి మన ఆమోదముద్ర అంటే నేనొప్పుకోను.