వెలిగిన లైటు... నిండని ఫైలు

పెళ్లి కుదిరిందంటే చాలు, హైదరాబాద్‌లో ఆడవాళ్ల అడుగులు చార్మినార్ పక్కనున్న లాడ్‌బజార్ వైపు పడతాయి. అక్కడ తళుక్కుమనే రాళ్ల గాజులు తయారయ్యేది పాతబస్తీ గల్లీల్లోని చిన్న చిన్న గదుల్లో. లక్కను నిప్పుల సెగమీద మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, ఆ వేడి ఆరేలోపు రాళ్లు ఒక్కొక్కటిగా పొదుగుతారు. ఈ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇలాంటి చేతిపనిని వీడియోగా దాచుకోవడానికి ఖరీదైన కెమెరానే కావాలనేం లేదు. ఓ వెబ్‌క్యామ్, ల్యాప్‌టాప్, పైథాన్ భాషలో పాతిక లైన్ల ప్రోగ్రామ్ చాలు. 1999లో ఇంటెల్ సంస్థలో మొదలైన ఓపెన్‌సీవీ అనే లైబ్రరీ ఉచితంగానే దొరుకుతుంది. చిక్కల్లా ఒక్కటే. కెమెరా లైటు వెలుగుతుంది, తెరమీద బొమ్మ కదులుతుంది, తప్పు జరిగిందన్న మాటే రాదు. తీరా చూస్తే ఫైలు ఖాళీ! గాజు పూర్తయ్యాక 'మళ్లీ మొదట్నుంచీ చెయ్యండి చాచా' అని అడగ్గలమా? ఆయనకి ప్రతి గంటా కూలి డబ్బే. అందుకే ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

కొలత కుదిరిందా?

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. వీడియోరైటర్‌కి 1280, 720 అని రాస్తారు. కెమెరా పంపేదేమో 640, 480. కొలత కలవని ఫ్రేములను ఓపెన్‌సీవీ చాలాసార్లు కిక్కురుమనకుండా వదిలేస్తుంది. కాబట్టి అంకెలు ఊహించి రాయొద్దు. మొదటి ఫ్రేమును చదివి, దాని 'షేప్' నుంచే కొలతలు తీసుకోవాలి. అందులో ముందు ఎత్తు, తర్వాత వెడల్పు ఉంటాయి. వీడియోరైటర్‌కి ముందు వెడల్పు చెప్పాలి. నలుపు తెలుపు ఫ్రేములైతే రంగు వద్దని కూడా విడిగా చెప్పాలి.

జోడీ సరైనదేనా?

వీడియోను కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. దాన్ని నాలుగక్షరాల గుర్తుతో చెప్పాలి. ఏవీఐ ఫైలుకి 'ఎంజేపీజీ', ఎంపీ4 ఫైలుకి 'ఎంపీ4వీ' సాధారణంగా కుదిరే జోడీలు. ఫైలు దాచే ఫోల్డర్ ముందే ఉండాలి, ఓపెన్‌సీవీ దాన్ని సృష్టించదు. కెమెరానీ, వీడియోరైటర్‌నీ 'ఐజ్‌ఓపెన్డ్' అని అడిగితే తెరుచుకున్నాయో లేదో అప్పుడే తెలిసిపోతుంది. కెమెరా తెరుచుకోకపోతే వేరే ప్రోగ్రామ్ దాన్ని వాడుతోందేమో చూడండి. ల్యాప్‌టాప్‌కి బయటి వెబ్‌క్యామ్ తగిలిస్తే 0 బదులు 1 ఇచ్చి చూడండి.

చేతులు పరుగులెడుతున్నాయా?

వెలుతురు తక్కువైతే చాలా వెబ్‌క్యామ్‌లు నెమ్మదిస్తాయి. సెకనుకు 15 ఫ్రేములే వస్తుంటే ప్రోగ్రామ్‌లో 30 అని రాశారనుకోండి, నిమిషం పని అరనిమిషంలో ముగిసిపోతుంది. పాత మూకీ సినిమాలో మనుషుల్లా ఆ చేతులూ గబగబా కదులుతాయి. వంద ఫ్రేములకు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కగట్టి, ఆ వేగాన్నే రాయాలి. చేతుల దగ్గర ఓ దీపం పెడితే ఇంకా మంచిది.

మూత పెట్టారా?

రికార్డింగ్ అయ్యాక 'రిలీజ్' అనకుండా కిటికీ మూసేస్తే ఫైలు అసంపూర్తిగా మిగలొచ్చు. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక మామూలుగా చివర్లోనే రాస్తారు మరి. అది లేకపోతే ఫైలు ఎంత పెద్దదైనా ఆడదు. మధ్యలో ఏం జరిగినా రిలీజ్ తప్పకుండా నడిచేలా దాన్ని 'ఫైనల్లీ' భాగంలో పెట్టాలి.

ఇంకోమాట. ఈ పద్ధతిలో బొమ్మే తప్ప మాట రికార్డవదు. పనిచేస్తూ ఆయన చెప్పే కబుర్లు కావాలంటే పక్కన సెల్‌ఫోన్‌లో విడిగా రికార్డు చేసుకోవాలి.

అన్నీ సరిచూసుకున్నాక, నిప్పులు రాజేయకముందే పది సెకన్లు తీసి, ఆపి, ఆ ఫైలు తెరిచి చూడండి. పది సెకన్లూ ఆడితేనే అసలు పని మొదలుపెట్టమనండి. లైటు వెలిగిందని కాదు, ఫైలు ఆడిందని నమ్మాలి!