మెట్లు దిగి వచ్చిన శాక్సోఫోన్

2001 సెప్టెంబరు 11. న్యూయార్క్‌లో జంట టవర్లు కూలినప్పుడు జాజ్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ వాటికి కొద్ది వీధుల దూరంలోనే తన అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. మర్నాడు భవనాన్ని ఖాళీ చేయించారు. లిఫ్టు లేదు. డెబ్భై ఒక్కేళ్ల పెద్దాయన దాదాపు నలభై అంతస్తులు నడిచి దిగారు, శాక్సోఫోన్ చేత్తో పట్టుకుని!

15న బోస్టన్‌లో కచేరీ. మానేద్దామనుకున్నారాయన. కచేరీల వ్యవహారాలు చూసే భార్య లూసిల్ మాత్రం వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది. ఆ రాత్రి ప్రేక్షకుల్లో కూర్చున్న ఓ అభిమాని చేసిన రికార్డింగే 2005లో ‘వితౌట్ ఎ సాంగ్’ పేరిట ఆల్బమ్‌గా వచ్చింది.

స్టూడియో నునుపు ఆశించేవారికి ఇది నచ్చకపోవచ్చు. కానీ మొదటి పాట విని చూడండి. రోలిన్స్ దాన్ని 1962లో ‘ది బ్రిడ్జ్’ ఆల్బమ్‌లోనూ వాయించారు. అక్కడ ఏడు నిమిషాల చిల్లర, పొందిగ్గా ఉంటుంది. ఇక్కడ పదహారు నిమిషాలు దాటింది. మన గాయకులు పల్లవిలో ఓ ముక్కను పట్టుకుని నెరవల్ చేసినట్టు, ఆయన ఒక్కో పలుకునూ పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తారు. వదిలేశారే అనుకునేలోపు మళ్లీ అక్కడికే వస్తారు. అలసిన మనిషి వాయించినట్టు ఎక్కడా అనిపించదు. మొండిగా వాయించినట్టు మాత్రం అనిపిస్తుంది.

ఇందులోని ‘వై వజ్ ఐ బోర్న్?’ సోలోకు 2006లో గ్రామీ వచ్చింది. ఆల్బమ్ విడుదలను గానీ, అవార్డును గానీ లూసిల్ చూడలేదు. 2004 నవంబరులోనే ఆమె కన్నుమూసింది.