మన కాగితాలు మన లాప్‌టాప్ దాటి ఎందుకు పోవాలి?



అశోక్ నగర్ రూముల్లో, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే మనకు అప్లికేషన్ల టైమ్ వచ్చిందంటే ఒకటే హైరానా. ఫోటో సైజు తగ్గించాలి, సర్టిఫికెట్లన్నీ ఒకే పీడీఎఫ్ చేయాలి. నెట్ సెంటర్‌కి పోతే ప్రతిసారీ డబ్బులు. లేదంటే ఏదో ఉచిత వెబ్‌సైట్‌లో కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ ఎక్కించేస్తున్నాం. అవి ఎవరి సర్వర్‌లో ఎన్నాళ్లుంటాయో మనలో ఎవరికైనా తెలుసా?

లినక్స్‌లో ఈ పనులకు చిన్న చిన్న టూల్స్ ఉన్నాయి. ఇమేజ్‌మ్యాజిక్ ఫోటో సైజు తగ్గిస్తుంది. పీడీఎఫ్‌యునైట్ ఫైళ్లు కలుపుతుంది. టెసరాక్ట్ స్కాన్ చేసిన తెలుగు పేజీని టెక్స్ట్‌గా మారుస్తుంది, గ్రెప్ అందులో కావాల్సిన మాట వెతికిపెడుతుంది. అన్నీ ఉచితమే. ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తాయి.

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. అంతమాత్రాన పాత లాప్‌టాప్ పారేయాలా? సుల్తాన్ బజార్‌లో సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొని చదివే మనకు పాత సిస్టమ్ నామోషీ కాదు. తేలికైన లినక్స్ వేస్తే ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది.

మన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. దాని నోటో ఫాంట్ కూడా ఉచితమే, లినక్స్‌లో వేసుకోవచ్చు.

కమాండ్లంటే భయమా? వేల బిట్లు బట్టీ పట్టేవాళ్లం, నాలుగు కమాండ్లు రావా? వచ్చినవాళ్లు రూమ్‌లో ఇంకొకరికి నేర్పండి. వచ్చే నోటిఫికేషన్‌కి మన కాగితాలు మనమే సిద్ధం చేసుకుందాం.