కీలుగుర్రపు వారసులు

కథల్లో గుర్రాలు రెండు విధాలుగా ఎగురుతాయి. మాంత్రికుడు మంత్రం జపిస్తే ఎగిరేది ఒకటి. మెడ దగ్గరి కీలు తిప్పితే ఎగిరేది మరొకటి. రెండో దానికి తెలుగువారు కీలుగుర్రం అని ముచ్చటైన పేరు పెట్టుకున్నారు. 1949లో ఆ పేరుతో వచ్చిన చలనచిత్రం తెలుగునాట విశేషమైన ఆదరణ పొందింది. మంత్రం ఎదుట శ్రోత ఆశ్చర్యపడి ఊరుకుంటాడు. కీలు ఎదుట మాత్రం అతనిలో ఒక ప్రశ్న మొలకెత్తుతుంది: ఇది ఎలా పనిచేస్తుంది? ఆ ప్రశ్న వెంట నడిచే కథనే నేడు వైజ్ఞానిక కల్పన అని, సైన్స్ ఫిక్షన్ అని వ్యవహరిస్తున్నారు.

ఈ వైజ్ఞానిక కల్పనలో స్టీమ్‌పంక్ అనే శాఖ ఒకటి ఉంది. అమెరికన్ రచయిత కె. డబ్ల్యు. జీటర్ 1987లో ఈ పదాన్ని సృష్టించాడు. విద్యుత్తు, ఎలక్ట్రానిక్స్ రాజ్యమేలక ముందు ఆవిరే ప్రపంచాన్ని నడిపిన 19వ శతాబ్దం ఈ కథలకు రంగస్థలం. ఇత్తడి చక్రాలు, పళ్లచట్రాలు, పొగగొట్టాలు, గాలిలో తేలే ఓడలు వీటికి అలంకారాలు. చార్లెస్ బాబేజ్ అనే ఆంగ్లేయ గణితవేత్త లెక్కలు చేసే మహాయంత్రాలను ఊహించి, వాటి నిర్మాణ చిత్రాలు గీశాడు కాని, తన జీవితకాలంలో ఏ ఒక్కదానినీ పూర్తిచేయలేకపోయాడు. ఆ యంత్రం అప్పుడే సిద్ధమై ఉంటే లోకం ఏ దారిన నడిచేది? విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి 1990లో వెలువరించిన ‘ది డిఫరెన్స్ ఇంజిన్’ నవలకు ఈ ప్రశ్నే మూలం. ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే, ఆ మరుసటి ఏడాదే లండన్ సైన్స్ మ్యూజియం వారు బాబేజ్ చిత్రాల ఆధారంగా ఆయన రెండో గణనయంత్రాన్ని నిర్మించారు. అది సరిగానే లెక్కించింది. ఊహ నిరాధారం కాదని ఇనుము, ఇత్తడి సాక్ష్యం చెప్పాయి.

ఇటువంటి సాహస కథలను సంపుటాలు సంపుటాలుగా చదివే యువపాఠకులు నేడు ప్రపంచమంతటా ఉన్నారు. వీటిలో పెక్కింటిని రచయితలే ప్రచురించుకుంటున్నారు. ఆండీ వెయిర్ ‘ది మార్షియన్’ నవలను మొదట తన సొంత వెబ్‌సైట్‌లో అధ్యాయాల వారీగా ఉచితంగా అందించాడు. అంగారక గ్రహంపై ఒంటరిగా చిక్కుకున్న మనిషి కథ అది. చదివినవారు అందులోని శాస్త్ర సంబంధమైన పొరపాట్లను ఎత్తిచూపారు. అతడు వాటిని దిద్దుకున్నాడు. 2011లో తానే దానిని ఎలక్ట్రానిక్ పుస్తకంగా వెలువరించాడు. 2015 నాటికి అది చలనచిత్రమైంది. క్రిస్టఫర్ పావొలినీ అనే బాలుడు పదిహేనేళ్ల వయస్సులో రచన ప్రారంభించిన ‘ఎరగాన్’ను 2002లో అతని తల్లిదండ్రులే అచ్చువేశారు. అది యంత్రాల కథ కాదు, డ్రాగన్ల కథ. అయినా ఒక యువకుడు బడులకూ గ్రంథాలయాలకూ తిరిగి తన పుస్తకాన్ని తానే పరిచయం చేసుకున్న ఆ ఉదంతం స్వీయ ప్రచురణకు చక్కని దృష్టాంతం.

అయితే తిరుపతిలోనో చిత్తూరులోనో చదివే ఇంటర్మీడియట్ విద్యార్థి చేతిలో ఇటువంటి పుస్తకం కనిపిస్తే పెద్దల నోట మూడు ఆక్షేపణలు వినిపిస్తాయి. ప్రవేశ పరీక్షల వేళ ఇది కాలహరణమన్నది మొదటిది. పేరున్న ప్రచురణకర్త ఎవరూ వేయని పుస్తకంలో పస ఏముంటుందన్నది రెండవది. ఇది పరాయి గడ్డ మీద పుట్టిన వింత, మన సాహిత్యంతో దీనికి సంబంధమే లేదన్నది మూడవది. ఈ మూడూ పరిశీలింపదగినవే.

మొదట మూడవదానిని చూద్దాం. యంత్రాన్ని కథలో పాత్రగా నిలపడం భారతీయులకు కొత్త కాదు. 11వ శతాబ్దంలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలో మయాసురుని కుమార్తె సోమప్రభ తన చెలి కళింగసేనకు కొయ్యబొమ్మలను తెచ్చి చూపుతుంది. మర నొక్కితే ఒక బొమ్మ ఎగిరిపోయి పూలదండ తెస్తుంది, ఒకటి నీళ్లు తెస్తుంది, ఒకటి నర్తిస్తుంది, మరొకటి సంభాషిస్తుంది. మన రాయలసీమకే చెందిన నంద్యాల ప్రభువుకు 16వ శతాబ్దంలో పింగళి సూరన అంకితమిచ్చిన కళాపూర్ణోదయం మరింత విచిత్రమైనది. సూరన పురాణ కథను ఎత్తుకోకుండా స్వయంగా కథ కల్పించాడు. అందులో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ, ఇంకా పుట్టనివారి కథ. కాలంతో అంతగా ఆడుకున్న కవి మనకుండగా, కాలయంత్రపు కథలు పరాయివని అనుకోవడం మన పెరటి చెట్టును మనం మరిచిపోవడమే అవుతుంది.

సంపుటాలుగా సాగే సాహసకథ కూడా మనకు పాతదే. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు సంపుటాల కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడనే యతిని, పశువుల కాపరి కుర్రవాడిని కాశీకి నడిపిస్తూ, మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పించాడు. కుర్రవాడు ప్రశ్నిస్తేనే గాని కథ కదలదు. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్క ధారావాహికకు శ్రీకారం చుట్టారు. తరువాతి నెల సంచిక కోసం ఆబాలగోపాలం ఎదురుచూసేలా చేసిన రచయిత ఆయన. అంతటి రచయిత పేరు ఆ ధారావాహికల పుటల మీద కనిపించేది కాదు. నేటి యువ రచయిత తన పుస్తకాన్ని తన పేరుతో తానే వెలువరించుకోగలగడం చిన్న మార్పు కాదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఇక రెండవ ఆక్షేపణ. సొంతంగా అచ్చు వేసుకోవడం సాహిత్యానికి మచ్చ అయితే ఆధునిక తెలుగు సాహిత్యంలో తొలి పుటలే మచ్చపడాలి. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయాన్ని నెలకొల్పుకొని, తాను నమ్మినదానిని తానే అచ్చువేశారు. గలివర్ యాత్రల స్ఫూర్తితో ఆయన రచించిన సత్యరాజా పూర్వదేశయాత్రలు తెలుగులో ఊహాలోక యాత్రా కథలకు మార్గదర్శకమైంది. చిత్తూరు సీమ వరకే చూసినా, మిట్టూరు పలుకుబడిని సాహిత్యానికి ఎక్కించిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన పుస్తకాలను తానే అచ్చు వేయించి పాఠకులకు అందించిన రచయిత. ఆయన పుస్తకాలను పాఠకులు చదివింది అందులోని పలుకును చూసి. అట్ట మీది ముద్ర ఎవరిదైనా లోపలి వాక్యమే పుస్తకానికి ప్రాణం.

మొదటి ఆక్షేపణ కొంత జటిలమైనది. ఇంటర్మీడియట్ రెండేళ్లూ విద్యార్థి జీవితంలో అతి ఇరుకైన సందు వంటివి. సరిగా ఆ రెండేళ్లలోనే ఆనందం కోసం చదివే అలవాటు జారిపోతుంది. ఒకసారి జారిపోయినది పట్టా చేతికి వచ్చిన తరువాత తనంత తాను తిరిగిరాదు. మార్కుల కోసం చదివేవాడికి సమాధానం ముఖ్యం. కథను చదివేవాడికి ‘తరువాత ఏమైంది?’ అన్న ప్రశ్న ముఖ్యం. ఆవిరి ఓడ కథ చదివే విద్యార్థి బాయిలరులో పీడనం పెరిగితే ఏమవుతుందో ఊపిరి బిగబట్టి తెలుసుకుంటాడు. ఉష్ణగతిక శాస్త్రపు సూత్రం అతనికి ఆ తరువాత పాత పరిచయస్థునివలె కనిపిస్తుంది. నేటి చేతిఫోను లోపల జరిగేది కంటికి కనిపించదు. ఆవిరియంత్రపు కథలో చక్రం చక్రాన్ని తిప్పడం, కడ్డీ కడ్డీని నెట్టడం కనిపిస్తుంది. కార్యకారణ సంబంధాన్ని కళ్లకు కట్టించడమే ఈ కథల ఆకర్షణ రహస్యం. రోజుకు అరగంట దీనికి కేటాయించిన విద్యార్థి నష్టపోయేది ఏమీ ఉండదు.

ఇన్ని చెప్పినంత మాత్రాన ఈ సాహిత్యంలో దోషాలు లేవని కాదు. సంపాదకుని చేయి తగలని పుస్తకంలో అచ్చుతప్పులు, పునరుక్తులు దొర్లుతాయి. మూడు సంపుటాల్లో ముగియవలసిన కథను తొమ్మిదింటికి సాగదీయడం కద్దు. బియ్యంలో రాళ్లు ఏరినట్లు పాఠకుడే మంచి చెడ్డలను ఏరుకోవలసి వస్తుంది. అయితే ఆ ఏరుకొనే పనిలోనే అతనికి విమర్శనాదృష్టి అలవడుతుంది. పెద్దలు మేలిమిగా నిర్ణయించిన గ్రంథాలనే చదివినవాడు మెచ్చుకోవడం నేర్చుకుంటాడు. ఎత్తుపల్లాలున్న రచనను చదివి, ఇది ఎక్కడ చెడిందో చెప్పగలిగినవాడు వ్రాయడం నేర్చుకుంటాడు.

అసలైన లోటు వేరొకటి ఉంది. ఈ యువకులు చదివే కథల్లో లండన్ ఉంది, పారిస్ ఉంది. పాకాల లేదు, పలమనేరు లేదు. చిత్తూరు సీమలో ఇటువంటి కథకు ముడిసరుకు లేక కాదు. 18వ శతాబ్దంలో మైసూరు సైన్యం ఇనుప గొట్టాల్లో మందు కూరి ప్రయోగించిన రాకెట్లు 1780లో పొళ్లిలూరు యుద్ధంలో ఆంగ్లేయులను గడగడలాడించాయి. వాటిని పరిశీలించి విలియం కాంగ్రీవ్ ఇంగ్లండులో కొత్త రాకెట్లను రూపొందించాడు. ఆ సైన్యానికి అధిపతి అయిన హైదర్ అలీ 1782 డిసెంబరులో మరణించినది చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలోనే. ఆ శిబిరంలో ఒక కమ్మరి పిల్లవాడు ఉండి, ఆ ఇనుప గొట్టంలో మనిషి కూర్చునే చోటు ఏర్పరచాలని తలపోసి ఉంటే? పాకాల నుంచి కదిరి మీదుగా ధర్మవరానికి మీటరుగేజి పట్టాలపై ఆవిరి బండి కూత పెట్టిన రోజుల్లో, ఒక గార్డు కూతురు ఇంజను గుట్టు తెలుసుకొని ఉంటే? కథలు ఇలాంటి ‘ఉంటే’ల నుంచే పుడతాయి.

ఆ ఊహకు నేటి కాలం కూడా తోడుగా నిలుస్తుంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి వద్ద 1024 యాంటెన్నాలు ఆకాశం వైపు చెవి ఒగ్గి, పైనున్న వాతావరణ పొరల కదలికలను వింటున్నాయి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరింది. 2023 జులై 14న అక్కడి నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. ఇనుప గొట్టపు రాకెట్టు నుంచి చంద్రుని నేల వరకు సాగిన ఈ ప్రయాణపు రెండు కొసలూ ఈ సీమ పరిసరాల్లోనే ఉన్నాయి. మధ్యనున్న కథను వ్రాయవలసినవారే కరవయ్యారు.

తెలుగువాడు ఆవిరి కథ వ్రాస్తే అందులో మరొక నిజానికి కూడా చోటు కల్పించగలడు. పాశ్చాత్యుల స్టీమ్‌పంక్ కథల్లో పెక్కు సార్లు ఆవిరి ఓడ తళతళలాడుతూ మేఘాల్లో తేలుతుంది. దాని కొలిమిలో బొగ్గు వేసిన చేతులు కనిపించవు. 1860 నుంచి 1911 వరకు మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారిలో ఉత్తర ఆర్కాడు జిల్లావారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ జిల్లాకు అప్పట్లో ముఖ్యపట్టణం చిత్తూరే. చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడినది 1911లో. ఆవిరియుగపు వైభవాన్ని ఓడ పై అంతస్తు నుంచి చూసినవారు వేరు, అడుగు అంతస్తు నుంచి చూసినవారు వేరు. ఆ అడుగు అంతస్తులో కూర్చున్న ఒక పలమనేరు పిల్లవాడి కళ్లతో కథ చెబితే అది లండన్ రచయితకు అందని కథ అవుతుంది. సాహసానికి సాహసం, సత్యానికి సత్యం రెండూ అందులో ఒదుగుతాయి.

కనుక పెద్దలు చేయవలసినది పుస్తకాన్ని లాక్కోవడం కాదు. ఆ పుస్తకంలో ఏమున్నదని అడగడం. అలా అడిగిన రోజున కుర్రవాడు చెప్పే కథ వినదగినదిగానే ఉంటుంది. విద్యార్థులు చేయవలసినదీ కొంత ఉంది. చదివిన కథను మాతృభాషలో మిత్రునికి చెప్పి చూడాలి. ఇంజనులోని పిస్టన్‌కూ, బాయిలరుకూ, కవాటానికీ తెలుగు వాక్యంలో చోటు కుదిర్చి చూడాలి. కుదరనప్పుడు తాత ముత్తాతలు కీలు, మర, తిరగలి, ఏతాము వంటి మాటలతో ఎలా నెట్టుకొచ్చారో గమనించాలి. యంత్రాన్ని గురించి కథ చెప్పలేని భాష క్రమంగా పండుగలకూ పెండ్లిపిలుపులకూ పరిమితమైపోతుంది. ఆ దుస్థితి తెలుగుకు రాకుండా కాపాడేది కళాశాల వయస్సులోని పాఠకుడే.

నేడు కథను వెలువరించడానికి అచ్చుకూటం ఆస్తిగా ఉండనక్కరలేదు. ప్రతిలిపి వంటి వేదికల మీద తెలుగులో ధారావాహికలు వ్రాసేవారు ఉన్నారు, చదివేవారు ఉన్నారు. రచయితకు కావలసినవి రెండే: మొదటి వాక్యం వ్రాసే ధైర్యం, పదో మారు దిద్దుకొనే ఓర్పు. కీలుగుర్రాన్ని చెక్కిన వడ్రంగి పేరు ఏ కథా చెప్పదు. కాని కీలు తిప్పిన ప్రతి పిల్లవాడూ ఆకాశాన్ని చూశాడు. ఆ వడ్రంగి పని ఇప్పుడు ఈ తరానికి దక్కింది.