నడుమ లేచిపోవు హక్కు

థాయిలాండు దేశపు ధారావాహిక నాటకమొకటి యీ నడుమ మా సింహాచలములో మే మెఱిగిన కొన్ని యిండ్లకు వచ్చినది. దేవతలు, శాపములు, జన్మాంతర ప్రణయములు గల కథ. భాగములు పదునాఱు, ఒక్కొక్కటి గంటకు మించినది. మేమును చూడ మొదలిడితిమి. రెండవ భాగము ముగియకమున్నే కట్టివేసితిమి. మిత్రులు కొంద ఱిందుకు మమ్ము నాక్షేపించుచున్నారు. "ఉద్యమములలో స్థైర్యము వలెనని సభలలో నుపన్యసించువారు ఒక కథను రెండు భాగములకే విడుచుట తగునా?" యని వారి ప్రశ్న. హాస్యమునకు వేసిన ప్రశ్నయే యైనను సమాధానము చెప్పదగినది.

మొదట, ఎందుకు విడిచితిమో చెప్పవలెను. కథానాయకుడు శాపగ్రస్తుడైన దేవత. నాయికకు దప్ప నితరులకు కనబడడని మొదటి భాగమున గంభీరముగా ప్రకటించిరి. ఆమెను స్పృశించినచో నతని శక్తి నశించునని కూడ చెప్పిరి. చక్కని ప్రతిజ్ఞ! ఇక రసము పుట్టకపోవు నెట్లని కూర్చుంటిమి. రెండవ భాగమున నా దేవత అంగడివీథిలో పండ్లమ్ము ముసలిదానితో బేరమాడుచుండెను. ఆమె కతడు నిక్షేపముగా కనబడెను. నాయిక జాఱిపడబోగా రెండుమాఱులు చేయి పట్టుకొనెను. శక్తి యేమియు నశింపలేదు. ఎందుకని అడుగువారు లేరు, చెప్పువారు లేరు. పూలరేకులు మాత్రము మెల్లమెల్లగా రాలుచుండెను. ఇక ప్రణయమందుమా, ఒకరినొకరు ప్రేమించుటకు పూర్వజన్మమే కారణము. ఈ జన్మములో వారాడుకొన్న మాటలలో ప్రేమకు హేతువగున దొక్కటియు లేదు.

అద్భుతకథలో నేమైనను జరుగవచ్చునను భ్రమ యొకటి లోకమున వ్యాపించియున్నది. నిజమున కద్భుతకథకే శాసన మెక్కువ వలెను. 1951లో వచ్చిన పాతాళభైరవిని తలచుకొనుడు. ప్రతిమ యెవరి చేత నున్నదో భైరవి వారి మాట వినును. తోటరాముని చేత నున్నపుడు మేడలు లేచినవి. అదే ప్రతిమ మాంత్రికుని చేత బడినపుడు ఆ మేడలే మాయమైనవి. నాయకుడని పక్షపాతము లేదు. అందుచేతనే అతని కష్టము మన కష్టమైనది. 1990లో విడుదలయైన జగదేకవీరుడు అతిలోకసుందరి చిత్రములో ఇంద్రజ కుంగరము లేనిదే స్వర్గప్రవేశము లేదు. కథ యంతయు నా యొక్క నిబంధనపై నిలిచినది. ఆ సంవత్సరము మే నెలలో తుపాను వఱదలు ముంచెత్తుచుండగా సహితము జనులు నీటిలో నడచి సినిమాహాళ్లకు బోయిరి. అట్టి ప్రేక్షకులను ఓపికలేనివారని యెవ్వరు నిందింపగలరు?

పరదేశపు సరుకు గనుక త్రోసివైచితిమని కొందఱనుకొందురు. అది సత్యము కాదు. స్వదేశాభిమానమనగా పరదేశద్వేషము కాదని యీ పత్రిక పాఠకులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. థాయి ప్రజలు మనకు దూరపువారును కారు. వారి రాజ్యచిహ్నము గరుత్మంతుడు. వారి రాజులు రామనామధారులు. మొదటి రామరాజు 1797లో రామకియన్ అను పేర రామాయణమును వ్రాయించెను. మంచి నాటకము వారికి చేతగాదనుటయు పొరపాటే. 2018లో వారి మూడవ చానలున 15 భాగములుగా ప్రసారమైన బుప్పేసన్నివాత్ అను నాటకములో నద్భుతమును మొదటనే నిలిపిరి: కృష్ణకాళీ మంత్రప్రభావమున నొక స్త్రీ మరణింపగా, మన కాలపు పురాతత్త్వవేత్త యైన యువతి యాత్మ యామె శరీరమున ప్రవేశించును. తరువాతి దంతయు మనుష్యవ్యవహారమే. పదునేడవ శతాబ్దిలో, నారాయణరాజు పాలించిన అయుధ్యానగరములో, అన్యుల దేహముతో నీ పిల్ల యెట్లు మెలగునని చూచువారు కూర్చుండిపోయిరి. అది చూచిన జనులు తమ పూర్వుల వస్త్రములు ధరించి అయుధ్యలోని శిథిలాలయములను దర్శింపబోయిరి. ఒక నాటకము తన జాతికి తన చరిత్రపై ప్రేమ కలిగించుటకంటె కావలసిన దేమున్నది? మే మాశించినది అట్టిదానిని.

ఇక "ముందుముందు బాగుండును, ఆఱవ భాగము వఱకు ఓర్చుకొనుడు" అను వాదము. న్యాయస్థానములలో వాయిదాలపై వాయిదాలు చూచినవారి కీ వాదము పరిచితమే. దావాలో బలము లేని కక్షిదారుడే మొదట వాయిదా కోరును. ఓర్పునకు మేము శత్రువులము కాము. మా కొండపై అప్పన్న స్వామి సంవత్సరము పొడుగునను చందనములో మఱుగుపడియుండి అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూపమున దర్శనమిచ్చును. జనులు గంటలకొలది బారులు తీఱి నిలిచెదరు. చందనము క్రింద నేమున్నదో వారెఱుగుదురు. విశాఖ ఉక్కు సంగతి చూడుడు. 1966లో అమృతరావుగారు నిరాహారదీక్ష బూనిరి. ఆ యుద్యమములో పలువురు ప్రాణములు గోల్పోయిరి. 1971లో శంకుస్థాపన జరిగినది. 1992లో గాని కర్మాగారము జాతి కంకితము కాలేదు. 2021 నుండి దానిని ప్రైవేటుపరము చేయరాదని మరల శిబిరములలో కూర్చున్నవా రున్నారు. వీ రెవ్వరును "ముందేమి వచ్చునో చూతము" అని కూర్చున్నవారు కారు. అడిగినదేమో తెలిసి కూర్చున్నవారు. ఆ స్థైర్యమును, సోఫాలో నావులించుచు మూడవ భాగము నొత్తుటను ఒక్క త్రాసులో తూచుట ఆ శిబిరముల కన్యాయము.

ఇప్పటికే రెండు గంటలు పోయినవి గదా, తక్కినవి చూడకున్న నవి వ్యర్థమగునని మఱొక మిత్రు డనెను. పోయినవి పోయినవే, పదునాలుగు గంటలు కలిపినంత మాత్రమున నవి తిరిగిరావు. చెడిన వ్యాజ్యమునకు ఖర్చులు పెంచుకొను షావుకార్లను మేము కొందఱ నెఱుగుదుము.

ఇందులో లోకవ్యవహారము కూడ నొకటి కలదు. మన టెలివిజను కార్యక్రమములకు బార్క్ అను సంస్థ 2015 నుండి, ఎన్నుకొన్న యిండ్లలో మీటరులు పెట్టి, చూచినవారి లెక్కలు ప్రకటించుచున్నది. నెట్‌ఫ్లిక్సు 2023 నుండి జనులు చూచిన మొత్తము గంటలను చిత్రపు నిడివిచే భాగించి వీక్షణసంఖ్య కట్టుచున్నది. ఈ లెక్కలలో మురిసిపోయి చూచినవాడును, మూతి ముడుచుకొని చూచినవాడును ఒక్కటే. తిట్టుచునే పదునాఱు భాగములు చూచినవాని తిట్లు నిర్మాతకు వినబడవు; అతని గంటలు మాత్రము చేరును. మౌనముగా కూర్చుండుట సమ్మతి యగునని ధర్మశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇచ్చట కేకలు వేయుచు కూర్చుండుటయు సమ్మతియే. లేచిపోయినవాని గైరుహాజరు మాత్రమే పత్రములకెక్కును.

మన తెలుగు ధారావాహికల కీ కొలత వర్తింపదా యని పాఠకు లడుగవచ్చును. వర్తించును, నిజమునకు వానికే ముందు వర్తింపవలెను. 2017 నుండి 2023 వఱకు నడచిన కార్తీకదీపము 1500 భాగములు దాటినది. అంత కాలము దానిని ప్రేమతో చూచిన గృహిణులను మేము తప్పుపట్టము, వారికి వంటలక్క దీప యింటిమనిషి. కాని అలవాటుచేత మాత్రమే తెఱ ముందు కూర్చుండువారు ప్రతి యింటను ఉన్నారు. వారు పరదేశపు నాటకమును విడిచి స్వదేశపు నిస్సారమును రాత్రి పదింటి వఱకు చూచినచో అది స్వదేశీవ్రతము కానేరదు. గత మాసముననే శుద్ధ తెలుగు ధారావాహిక నొకదానిని కూడ మేము విడిచితిమి. థాయి దేవతకు ఇంచుమించు రెండు గంటలిచ్చితిమి. దీనికి అరగంటయే యిచ్చితిమి.